కంచె ఎంత మేసింది? పాకాల వైపు మేత గుట్ట ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్, మొదటి రెండు వారాలు

గుట్ట తిరుపతి జిల్లా పాకాల వైపు ఉంది. రెవెన్యూ దస్త్రాల్లో మేత పోరంబోకు, ఊళ్ళో మాత్రం బోడు అంటారు. పేరుకు తగ్గట్టే చెట్టు తక్కువ. పెద్ద పెద్ద గుండ్లు, వాటి సందుల్లో మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడ బందారు, తంగేడు, కలివి పొదలు, వంక పొడుగునా చిగర, బిల్లుడు. నడివేసవిలో చూస్తే ఎండిన దుబ్బులు తప్ప ఏమీ లేవనిపిస్తుంది. ఇలాంటి నేలను బంజరని రాసేసేది కూడా ఈ నెలల్లో వచ్చి చూసేవాళ్ళే.

మంద మేసే చోట ఏ గడ్డి నిలుస్తుంది, మేయని చోట ఏది లేస్తుంది, ఆ తేడా వెంట కుందేలు, కౌజు, తొండ, పిగిలిపిట్ట ఎటు జరుగుతాయి అన్నది చూడాలి. అందుకు మంద చొరకుండా కంచె వేసిన ముక్కనూ, పక్కనే కంచె లేని ముక్కనూ పోల్చి చూస్తాం. శేషాచలాన్ని కావాలనే వదిలేశాం. అక్కడ 1989 నుంచి నేషనల్ పార్కు, 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. పార్కులో మంద మేపకూడదు కాబట్టి ఈ ప్రశ్నకు అక్కడ జవాబు దొరకదు. రాయి కూడా వేరు: తిరుమల చరియలు క్వార్ట్‌జైట్, ఇక్కడ గ్రానైట్. పైగా పేరీత అనే సైకాస్ మొక్క, ఎర్రచందనం, 1870లో ప్రకృతి పరిశోధకుడు బెడ్డోమ్ తిరుపతి కొండల నుంచి వర్ణించిన బంగారు బల్లి, ఇవన్నీ అటువైపే ఉండటంతో చూసేవాళ్ళందరూ అటే పోతారు. ఊరి బోడును పట్టించుకునేది మేకలవాళ్ళే.

అనుమతుల సంగతి: పోరంబోకుకు పంచాయతీ ఒప్పుకోలు, తహసీల్దారు కార్యాలయంలో అర్జీ. గుట్ట వెనక వాలు రిజర్వు ఫారెస్టులోకి పోతుందని సర్వే మ్యాపు చూస్తేనే తెలిసింది, అక్కడ హద్దురాళ్ళు ఒరిగిపోయి ఉన్నాయి. ఆ వాలును పూర్తిగా వదిలేశాం. ఏ జంతువునూ పట్టడం, ముట్టడం ఈ పనిలో లేదు. చూడటం, లెక్కపెట్టడం, పెంటికలు ఏరడం, అంతే.

అసలైన అనుమతి మందలవాళ్ళది. మొదటి ప్లానులో ఆరు కంచెల్లో రెండు సరిగ్గా దొనకు పోయే దారి మీద పడ్డాయి. వేసవిలో నీళ్ళుండే దొన అదొక్కటే. అక్కడ కంచె వేసి ఉంటే వారం తిరక్కుండా కోసేసేవాళ్ళు, కోయడం న్యాయం కూడా. రెండింటినీ 40 మీటర్లు పక్కకు జరిపాం.

ప్లాట్లు ఆరు జతలు: పైన రెండు, నడుమ వాలులో రెండు, అడుగున రెండు. ఒక్కో ప్లాటు 5 మీ. × 5 మీ. జతలో ఒకటి కంచె లోపల, ఒకటి బయట. రెండింటి మధ్య 10 మీటర్లకు మించకూడదు, ఒకే వాలు, ఒకే దిక్కు. ఏది లోపలో ఏది బయటో తేల్చడానికి రూపాయి బిళ్ళ ఎగరేశాం. ఇది చాదస్తంలా కనిపిస్తుంది గానీ ఎగరేయకపోతే చెయ్యి తనంతట తానే పచ్చగా ఉన్న దానికి కంచె వేస్తుంది. ఏడాది తర్వాత ఆ పచ్చదనం కంచె వల్ల వచ్చిందని రాసుకుంటాం.

మే: కంచె

ఎక్కువ డబ్బు, ఎక్కువ చెమట, ఎక్కువ తప్పులు ఇక్కడే.

ముళ్ళతీగ పనికిరాదు. పెద్ద మేకను ఆపుతుంది, పిల్లను ఆపదు. పిల్ల లోపలికి దూరితే తల్లి బయట అరుస్తూ తీగ వంచేస్తుంది. కంప నరికి చుట్టూ వేస్తే ఎండగానే పొయ్యిలోకి పోతుంది. మిగిలింది చైన్‌లింక్ మెష్, 5 అడుగుల ఎత్తుది. ప్లాటు చుట్టూ అర మీటరు ఖాళీ వదలాలి కాబట్టి కంచె 6 మీ. × 6 మీ., చుట్టుకొలత 24 మీటర్లు, అంటే దాదాపు 79 అడుగులు. మెష్ 50 అడుగుల చుట్టగా వస్తుంది. ఒక్కో కంచెకు రెండు చుట్టలు, 21 అడుగులు మిగులు. మిగులు పారేయొద్దు, కింద చెప్పే రాళ్ళ గూళ్ళకు అదే.

స్తంభాలు 2 మీటర్లకొకటి, కంచెకు 12. అడుగున ఉన్న రెండు కంచెలకు రాతి కూసాలు వాడాం. ఇక్కడ దొరుకుతాయి, దొంగతనానికి పోవు. కానీ 10 సెం.మీ. మందం, 7 అడుగుల పొడవున్న కూసం 50 కిలోల పైనే తూగుతుంది. పైకి మోయడం అయ్యే పని కాదు. పైన, నడుమ వాలులో 35 × 35 × 5 ఎం.ఎం. ఇనుప యాంగిల్. మీటరుకు 2.6 కిలోలు, కాబట్టి 2.1 మీటర్ల ముక్క ఐదున్నర కిలోలు. మనిషి ఒక విడతకు నాలుగు మోయగలడు.

మట్టి ఉన్నచోట గడ్డపారతో అడుగున్నర గుంత. బండ మీద గుంత పడదు. అక్కడ మెష్‌ను 60 సెం.మీ. అడ్డకొలతతో గొట్టంలా చుట్టి, దానికి సుమారు 190 సెం.మీ. మెష్, కలిపి కట్టడానికి ఇంకో 10, నడిమధ్య యాంగిల్ నిలబెట్టి చుట్టూ రాళ్ళు నింపాం. పెద్ద రాళ్ళు అడుగున, చిన్నవి సందుల్లో. అన్నీ గుండ్రాళ్ళే అయితే కదులుతాయి, పలకరాళ్ళు కలపాలి.

మొదటి కంచెలో చేసిన తప్పు: మూలల్లో ఆనింపు యాంగిల్ పెట్టకముందే మెష్ లాగాం. మూల స్తంభాలు లోపలికి ఒరిగాయి, మెష్ వదులై పొట్టలా ఉబ్బింది. మేక ముందుకాళ్ళు రెండూ ఎత్తి మెష్ మీద పెట్టి నిలబడి తింటుంది, దానికి అలవాటైన భంగిమే అది. వదులు మెష్ ఆ బరువుకు నేలదాకా దిగింది. సరైన వరుస ఇది: మూల స్తంభాలు, వాటికి రెండువైపులా ఏటవాలు ఆనింపులు, తర్వాత పైన, నడుమ, అడుగున మూడు వరసల బిగుతు తీగ, ఆ తర్వాతే మెష్.

అంతా అయ్యాక అసలు లోపం బయటపడింది. ఈ మెష్ మేకనే కాదు, కుందేలునూ ఆపుతుంది. ఇక్కడ చెవులపిల్లి అంటారు. గడ్డి మొలకలను నేలబారున కొరికేది అదే. రెంటినీ కలిపి బయటపెట్టి, వచ్చిన తేడానంతా మంద ఖాతాలో రాయడం అన్యాయం. ఒక్కో వైపు అడుగున 15 × 15 సెం.మీ. కిటికీ కోశాం. మర్నాడే మేకపిల్ల తల దూర్చింది. కిటికీకి ముందు పలకరాళ్ళతో అరచేతి నుంచి మోచేయంత పొడవు సొరంగం కట్టాం, 40 సెం.మీ. కుందేలు దూరిపోతుంది, మేకపిల్ల ముందు చీకటి చూసి వెనక్కి తగ్గుతుంది. జులై నుంచి లోపల కుందేలు పెంటికలు ఉన్నాయి, మేకవి లేవు.

జూన్: చట్రం, మేకులు

నేలను ఏ మొక్క ఎంత కప్పిందో మృగశిర వానలకు ముందే మొదటి లెక్క తీసుకోవాలి. లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

ఆ లెక్కకు నేల మీద పరిచే చట్రం 20 ఎం.ఎం. పీవీసీ పైపుతో: నాలుగు ముక్కలు, నాలుగు ఎల్బోలు, లోపలి కొలత సరిగ్గా 1 మీటరు. ఎల్బోలు తొడిగాక టేపుతో లోపలివైపే కొలవాలి. మూడు మూలలకే సొల్యూషన్ రాయాలి. నాలుగోది అంటించకుండా వదలాలి, ఎందుకంటే పొద ఉన్నచోట మూసిన చట్రాన్ని పైనుంచి దించలేం, పక్కనుంచి దూర్చాలి. 10 సెం.మీ.కొక దారం అటూ ఇటూ కడితే 100 గళ్ళు, ఒక గడి అంటే ఒక శాతం. మామూలు నైలాన్ దారం ఎండకు వదులవుతుంది. గాలం దారం నిలిచింది.

ఒక్కో ప్లాటులో చట్రం పెట్టే చోట్లు నాలుగు, ఎప్పటికీ అవే. మూలకు 8 ఎం.ఎం. ఇనుప చువ్వ అడుగు లోతు దించి, పైన 3 సెం.మీ. మాత్రం వదిలాం. ఎక్కువ వదిలితే గిట్టలకు గుచ్చుకుంటుంది, ఎవరో ఒకరు పీకేస్తారు. తక్కువ వదిలితే అక్టోబరులో మనకే దొరకదు.

ఇద్దరు విడివిడిగా అంచనా వేసి తర్వాత పోల్చాలి. పది గళ్ళకు మించి తేడా వస్తే మళ్ళీ చూడాలి. ఆకు పరుచుకున్న విస్తీర్ణం ఒకటి, దుబ్బు మొదలు నేల మీద ఆక్రమించిన విస్తీర్ణం ఇంకొకటి. రెండూ రాయాలి. మొదటిది నిన్న మంద వచ్చి పోయిందా లేదా అన్నదాన్ని బట్టి మారిపోతుంది. రెండోది ఏళ్ళ మీద కదులుతుంది, గుట్ట బాగుపడుతోందా చెడుతోందా చెప్పేది అదే. పదిగంటలు దాటాక గాలి లేస్తుంది, ఆకు ఊగుతుంటే గడి లెక్క ఎవరికీ కుదరదు. కాబట్టి ఆరుకు మొదలు, పదికి ఆపు.

జులై, ఆగస్టు

వాన తక్కువ. మొలకలు రెండాకుల మీద ఉన్నాయి, పేరు పెట్టడానికి లేదు. చట్రం లెక్క తీసుకోలేదు. ఒకే కోణం నుంచి, 1.5 మీటర్ల ఎత్తున, ఉదయం ఎనిమిది తొమ్మిది మధ్య ఫొటోలు మాత్రం.

రాళ్ళు ఎత్తి తొండలు, తేళ్ళు, జెర్రులు చూసే పని ఈ రెండు నెలల్లోదే. రాయిని మనవైపు పైకెత్తాలి, అంటే తెరుచుకునే నోరు అవతలి దిక్కుకు ఉండాలి. లోపల చిన్నపింజర ఉంటే అది మన కాళ్ళవైపు రాదు. చూశాక ఎలా ఉన్నదాన్ని అలాగే, అదే అచ్చులో పెట్టాలి. అచ్చు తప్పితే అడుగున చెమ్మ ఆరిపోతుంది, అక్కడ మళ్ళీ ఏదీ చేరదు. పాము కాటుకు కట్లు కట్టడం, గాటు పెట్టడం లేదు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోను. గుట్ట మీద సిగ్నల్ ఏ గుండు మీద వస్తుందో ముందే చూసి పెట్టుకున్నాం.

సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు: గడ్డికి పేరు

గడ్డిని ఆకు చూసి పోల్చగలమనుకోవడం మొదటి ఏడాది పొగరు. కంకి వచ్చిన తర్వాతే మాట్లాడాలి. అంతకుముందు నోటుబుక్కులో “గడ్డి 1, గడ్డి 2” అని రాసి, ఒక్కోదానికి గుర్తు నమూనా అంటించి ఉంచడం మేలు. జూన్‌లో రాసిన “గడ్డి 3”, “గడ్డి 5” ఒకటేనని అక్టోబరులో తేలింది. ఒకటి మేసిన దుబ్బు, ఒకటి మేయనిది, అంతే తేడా.

బోద అందరికంటే సులువు. ఆకు నలిపితే నిమ్మవాసన, అది సింబోపోగాన్. పాత రోజుల్లో కొట్టాలకు కప్పింది ఇదే. లేతప్పుడు పశువు తింటుంది, ముదిరాక ముట్టదు. ఏ వాలు మీద చూసినా బోద ఒక్కటే నిటారుగా నిలబడి ఉందంటే అక్కడ మిగతావన్నీ మేసేశారని చదువుకోవచ్చు.

అరిస్టిడా కంకిలో ఒక్కో గింజకు మూడు ముళ్ళు, మూడు దిక్కులకు విచ్చుకుని ఉంటాయి. సన్నటి నేల, కొట్టుకుపోయిన నేల దీనికి ఇష్టం. అడుగు ప్లాట్లలో, దొడ్లకు దగ్గరగా, ఇదే ఎక్కువ.

మూడోది హెటెరోపోగాన్ కంటార్టస్. మందలవాళ్ళు ముల్లుగడ్డి అనేస్తారు. గింజ చిన్నది, గోధుమరంగు, మొన సూదిలా వాడి, ఆ మొనకు వెనక్కి వాలిన నూగు. గింజ వెనక వేలెడంత పొడుగు నల్లటి ముల్లు, మధ్యలో రెండు వంపులు. ఎండినప్పుడు ఆ ముల్లు తాడులా మెలితిరిగి ఉంటుంది. ఒక గింజను అరచేతిలో పెట్టుకుని ముల్లు మీద ఒక్క చుక్క నీళ్ళు వేస్తే మెలి విడుతూ గింజ దానంతటది తిరుగుతుంది, మొన చర్మాన్ని తడుముతున్నట్టు కదులుతుంది. ఆరితే మళ్ళీ అటు తిరుగుతుంది. రాత్రి మంచుకు ఒకవైపు, పగటి ఎండకు ఇంకొకవైపు తిరుగుతూ నేలలోకి దిగేది ఇలాగే. వెనక్కి వాలిన నూగు వల్ల దిగినది పైకి రాదు. గొర్రె బొచ్చులోకి చేరినా అదే పని చేస్తుంది, తోలు దాకా పోతుంది. అందుకే కంకి ఎండే రోజుల్లో గొర్రెల మందను ఈ వాలు ఎక్కించరు. చలికాలం మొదట్లో ఎగువ వాలు రెండు నెలలు ఖాళీగా ఉండటానికి కారణం మందలవాళ్ళ ఒప్పందం అనుకున్నాం. గడ్డే కంచె కట్టుకుంది.

మేక వదిలేసేవాటి జాబితా వేరుగా రాయాలి: తంగేడు, బందారు, వెంపలి. ఇవి ప్లాటులో పెరుగుతున్నాయంటే ఒత్తిడి పెరుగుతోందన్నమాట. ఇక్కడ మేకలూ గొర్రెలూ కలిసే వస్తాయి. “మంద” అని ఒక్క గడిలో రాయడం తప్పు. గొర్రె గడ్డి మీద, మేక పొద మీద. రిజిస్టరులో రెండు గళ్ళు చేశాం, ఆవులకు మూడోది. పుంగనూరు పొట్టి ఆవుకు పేరు పెద్దదే గానీ ఈ గుట్ట మీద ఆ జాతి కనబడలేదు.

ఊరి పేర్లు అడిగే తీరులో కూడా తప్పు చేశాం. “ఇది బోదేనా అన్నా?” అంటే “బోదే” అంటారు, మర్యాదకు. వేరే గడ్డి చూపించి అదే ప్రశ్న వేసినా అదే జవాబు. “ఇదేంది అన్నా?” అని వదిలేయాలి. అప్పుడొచ్చిన జవాబుల్లో బాగా పనికొచ్చింది ఒకటి: “దానికి పేరేముంది, మేక ముట్టదు.” పేరు లేకపోవడం కూడా రాసుకోదగ్గ విషయమే.

నవంబరు: వాన, నమూనాలు

ఈ జిల్లాలకు ఈశాన్య రుతుపవనమూ ముఖ్యమే. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనంత వాన ఈసారి లేదు, అయినా పది రోజులు ఎండ లేదు. గడ్డి నమూనాలకు అది చాలు బూజు పట్టడానికి.

ప్రెస్ 12 × 18 అంగుళాల చెక్క జల్లెడ జత, నడుమ పాత పేపర్లు, ప్రతి ఐదింటికీ ఒక అట్ట. మొదటి నాలుగు రోజులు రోజూ పేపరు మార్చాలి, వానలో పొద్దునా సాయంత్రమూ. పేపరు మార్చడం ఒక్కరోజు తప్పితే ఆకు నల్లబడుతుంది. హెర్బేరియం షీటు 42 × 28 సెం.మీ. కాబట్టి మనిషెత్తు బోదను మొదలు నుంచి కంకి దాకా కత్తిరించకుండా వి ఆకారంలోనో, ఎన్ ఆకారంలోనో మడవాలి. మడిచిన చోట విరగ్గొట్టి, చీల్చిన అట్టముక్క తొడిగితే మళ్ళీ లేవదు. వేరు లేని గడ్డి నమూనా సగం నమూనా. దుబ్బుదా, పాకేదా అన్నది వేరు దగ్గరే తెలుస్తుంది.

నల్లేరు, కుందేటికొమ్ములు లాంటి కండకాడలు ప్రెస్‌లో కూడా పెరుగుతూనే ఉంటాయి. వారం తర్వాత తీస్తే కొత్త చిగురు! మరుగుతున్న నీళ్ళలో ఒక నిమిషం ముంచి, తుడిచి, అప్పుడు పెట్టాలి. పువ్వును మాత్రం ముంచకుండా విడిగా నొక్కాలి.

చీటీలో తేదీ, జీపీఎస్, ఎత్తు, వాలు దిక్కు, రాయి, ఊరి పేరు, పక్కన పెరిగే మొక్కలు, పువ్వు రంగు. పువ్వు రంగు ఎండితే పోతుంది, అప్పుడే రాయాలి. పెన్సిలుతోనే. జెల్ పెన్ను చీటీలు పదకొండు తడిసి చదవడానికి లేకుండా పోయాయి, వాటి నమూనాలు పారేశాం. అనుమానం ఉన్నవాటిని తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం హెర్బేరియం షీట్లతో పోల్చుకోవాలి. అక్కడికి పట్టుకెళ్ళేముందు పురుగు లేకుండా కవరులో మూసి, డీప్ ఫ్రీజరులో మైనస్ 20 డిగ్రీల దగ్గర కనీసం వారం.

మేత బరువు కూడా ఈ నెలలోనే. చట్రం చోట్లలో కాదు, వాటి పక్క పట్టీలో 50 × 50 సెం.మీ. నేల నుంచి 2 సెం.మీ. వదిలి కత్తిరించడం, జాతివారీ కవర్లు, ఓవెన్‌లో 65 డిగ్రీల దగ్గర 48 గంటలు. ఓవెన్ లేకపోతే నీడలో ఆరబెట్టి, రోజూ తూచి, వరుసగా రెండు రోజులు బరువు మారనప్పుడు రాయాలి. గుట్ట మీద తూచొద్దు, 0.1 గ్రాము త్రాసుకు గాలి పెద్ద శత్రువు.

డిసెంబరు: కెమెరాలు, పెంటికలు

నాలుగు ట్రాప్ కెమెరాలు, నేల నుంచి 45 సెం.మీ. ఎత్తున. మొదటి వారం 32 జీబీ కార్డు నిండా ఊగుతున్న బోదే. ముందు రెండు మీటర్ల మేర గడ్డి వంచి కట్టాలి, కోయకూడదు. ఇంకో పొరపాటు తూర్పు ముఖం పెట్టడం: ఉదయం ఎండ నేరుగా పడి తెల్లటి బొమ్మలు. ఉత్తరం వైపు తిప్పాం.

మూడోది పొరపాటు కాదు, పరికరం స్వభావం. ఈ కెమెరా వేడి తేడాను చూసి పనిచేస్తుంది. మధ్యాహ్నం గుండు కాగి జంతువు ఒంటి వేడికి దగ్గరైతే తేడా తెలియక ఊరుకుంటుంది. అందుకని పగటి బొమ్మలు తక్కువ వచ్చాయని జంతువులు రాత్రివేళలవే అని తేల్చేయకూడదు. కెమెరాను గుండుకు ఎదురుగా కాకుండా నీడ నేలకు ఎదురుగా పెట్టాలి. మనుషుల బొమ్మలు పడితే అక్కడికక్కడే చెరిపేస్తామని మందలవాళ్ళకు ముందే చెప్పాం, చేశాం.

పెంటికల లెక్క కెమెరా కంటే నమ్మకం. మేకది కోలగా, ఒక చివర కొంచెం మొనతేలి, నున్నగా. కుందేలుది గుండ్రంగా, కొంచెం అణిగి, విరిస్తే లోపల గడ్డి పీచు కనబడుతుంది. ముళ్ళపందిది పొడుగ్గా, రెండు చివర్లూ సన్నగా. అడవి అంచు గుట్టల్లో పనిచేసేవాళ్ళు ఒకేచోట కుప్పగా పడిన చిన్న పెంటికలు చూస్తే కొండగొర్రె (నాలుగుకొమ్ముల జింక) ఉందేమో చూడాలి, అది ఒకే తావుకు తిరిగి వచ్చే జంతువు. లెక్కపెట్టాక చట్రం ఊడ్చి శుభ్రం చేయాలి, నెల తర్వాత కొత్తవే లెక్క. వాన పడిన నెలల్లో పెంటిక కరిగిపోతుంది, ఆ నెలల లెక్కను ఎండ నెలలతో పోల్చొద్దు.

జనవరి: పక్షులు

ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర. ఒక్కో చోట పది నిమిషాలు, 50 మీటర్ల లోపలివి మాత్రం.

కౌజులు అరుపుతోనే తెలుస్తాయి, లెక్క తప్పేది కూడా అక్కడే. జత కలిసి అరుస్తుంది, ఒకదానికొకటి అందుకుంటుంది. అరుపులు లెక్కపెడితే ఉన్నవాటికి రెట్టింపు వస్తాయి. దిక్కు రాసి, ఒక దిక్కు నుంచి వచ్చినదంతా ఒక గుంపు అనుకోవాలి.

గుండ్ల మధ్య మర్రి, జువ్వి పెరిగిన చోట పసుపుగొంతు పిగిలిపిట్ట కోసం విడిగా కూర్చున్నాం. దక్షిణ భారత రాతిగుట్టల్లో తప్ప ఎక్కడా లేని పక్షి, ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో ముప్పున్న (వల్నరబుల్) జాతుల్లో ఉన్నది. తెల్లకనుబొమ్మ పిగిలిపిట్ట అదే పొదల్లో ఉంటుంది, అరుపులో పోలిక ఉంది. తలా గొంతూ పసుపు, కనుబొమ్మ గీత లేకపోవడం: రెండూ కంటితో చూస్తేనే రాయాలని నియమం పెట్టుకున్నాం. అరుపు మాత్రమే విన్నవి విడి గడిలో.

పక్షుల కోసం కూర్చున్నప్పుడే కంచె చేసే ఇంకో పని కనబడింది. చుట్టుపక్కల పొదలన్నీ నడుమెత్తు. మన యాంగిల్ స్తంభాలు ఐదడుగులు. పసులపోలిగాడికి, పిగిలిపిట్టలకు అంతకంటే మంచి కొమ్మ గుట్ట మీద లేదు. స్తంభం మొదట్లో రెట్టలు, రెట్టల్లో గింజలు, నవంబరు వానకు లేచిన మొలకలు: బలుసు, కలివి, అన్నిటికంటే ఎక్కువ పులికంప, అంటే లాంటానా. కంచె మందను ఆపింది, పులికంపను నాటింది.

అర మీటరు ఖాళీ వదిలిన పుణ్యాన కొలిచే చోటుకు ఇంకా చేరలేదు. సరిచేయడానికి బయటి ప్లాట్లకు కూడా నాలుగు మూలలా అలాంటి స్తంభాలే నాటాం. రెండింటిలోనూ వాలే చోట్లు ఉంటే తేడా మందదే అవుతుంది. మూడో రోజుకు ఆవులు ఆ స్తంభాలకు వీపు రుద్దుకుంటూ చుట్టూ నేలంతా తొక్కేశాయి. ఇప్పుడు స్తంభం మొదట్లో రేగుకంప కట్టాం. ఒక తప్పు దిద్దితే ఇంకో తప్పు పుట్టడం ఈ పనిలో మామూలే, ఏది ఎప్పుడు మార్చామో తేదీతో రాసి ఉంచితే చాలు.

ఫిబ్రవరి, మార్చి: నిప్పు

2014 మార్చిలో శేషాచలం తగలబడి హెలికాప్టర్లు నీళ్ళు చల్లాల్సి వచ్చింది. ఊరి గుట్టల మీద మంట అంత పెద్దది కాదు, కానీ ఏటా ఉంటుంది. ఎండిన బోద కాలిస్తే వారం పది రోజుల్లో లేత పిలకలు వస్తాయని కాలుస్తారు. చీపుర్లకు చిట్టీత కోసేవాళ్ళకూ కాలినచోటే కొత్త మట్టలు. దుబ్బు మొదలు నేలలో ఉండే గడ్డికి ఈ మంట పెద్ద లెక్క కాదు, ముల్లుగడ్డి అయితే మంట తర్వాత ఇంకా పెరుగుతుంది. చచ్చేది చెట్ల మొలకలు, రాళ్ళ కింద దాక్కోలేని చిన్న ప్రాణులు.

నడుమ వాలులో మంట వచ్చింది. బయటి ప్లాటు కాలి పది నిమిషాల్లో ఆరిపోయింది, అక్కడ మేసిన గడ్డే కదా. కంచె లోపల ఏడాదిగా పేరుకున్న ఎండుగడ్డి. మెష్ వెంట కొట్టుకొచ్చిన ఆకులు అదనం. మంట ఎత్తు లేచి, లోపలి కలివి పొద వేరుదాకా పోయింది. బయట ఉన్న కలివి మార్చి చివర చిగురించింది.

ఆ జతను ఇక నుంచి “కాలినది” అని విడిగా రాస్తున్నాం, మిగతా ఐదింటితో కలపం. మిగిలిన కంచెల చుట్టూ గీరిన పట్టీ: పక్కలకూ పైవైపుకూ 3 మీటర్లు, కిందివైపు 5. మంట వాలు ఎక్కేటప్పుడే వేగం, కాబట్టి ఎక్కువ వెడల్పు కింద ఉండాలి. మొదట నాలుగువైపులా సమానంగా గీరాం, అది కూలీ దండగ. గీరిన పట్టీ ఒకటి వంకవైపు నేరుగా దిగి వానకు కాలువైపోయే ప్రమాదం ఉంది. ఐదు మీటర్లకొక రాళ్ళ వరస అడ్డం పెట్టాం.

ఏప్రిల్

పులికంప మొలకలు ఇప్పుడే పీకాలి, నేల గట్టిగా ఉన్నా సరే. పండు కాయకముందు. చిన్నవి చేత్తో. బొటనవేలు మందం దాటినవాటిని నరికితే నాలుగు పిలకలేస్తుంది, కాల్చినా అంతే. నేలకు 3 నుంచి 5 సెం.మీ. లోపల, కాండం వేరుగా మారే చోటు కింద గడ్డపారతో కోసి, మొద్దును తలకిందులుగా పొద మీదే వేయాలి. నేలకు తగిలితే మళ్ళీ వేళ్ళు పోస్తుంది. గుట్ట మొత్తం ఒకేసారి శుభ్రం చేయమని ఉత్సాహపడేవాళ్ళు వచ్చారు. పిగిలిపిట్టలు ఇప్పుడు గూడు పెట్టేది ఆ పొదల్లోనే. ఖాళీ అయిన చోట గడ్డి లేకపోతే మళ్ళీ లేచేదీ పులికంపే. కాబట్టి ఈ ఏడు కంచెల చుట్టూ, దొన దారి వెంట, అంతే. ఖాళీ గుంతల్లో చెట్లు నాటుదామన్న మాట కూడా వచ్చింది. గడ్డి గుట్టకు కావలసింది గడ్డి విత్తనం.

డిసెంబరులో సేకరించిన ముల్లుగడ్డి గింజలు గుడ్డసంచిలో ఉన్నాయి. జనవరిలో 25 చొప్పున నాలుగు పళ్ళేల్లో తడి అద్దుడు కాగితం మీద వేస్తే దాదాపు ఏదీ మొలవలేదు. పాడైన గింజలనుకోవద్దు. కోసిన వెంటనే ఈ గడ్డి గింజ నిద్రలో ఉంటుంది, నెలలు గడిస్తే గానీ లేవదు. అదే సంచిలోంచి నిన్న మళ్ళీ నాలుగు పళ్ళేలు వేశాం, రోజూ పొద్దున నీళ్ళు చిలకరించాలి. ఎన్ని లేచాయన్నది చూసి, మృగశిర వానకు ఏ గుంతలో ఎంత చల్లాలో లెక్క వేస్తాం. కంచెల మెష్ బిగింపు, కుందేలు సొరంగాల్లో మట్టి తీయడం ఈ లోపల అయిపోవాలి.